కొత్త రైలా, హాల్టా, ఇంకో బోగీయా: మీ ఊరి కోసం ఏది అడగాలి, ఎవరిని అడగాలి

రైల్వే పెద్దాఫీసరు ఎవరొచ్చినా మన ఊళ్లలో ఇచ్చే వినతిపత్రం ఒకే తీరుగా ఉంటుంది. కాశీకి కొత్త సూపర్‌ఫాస్టు, షిర్డీకి వారానికి మూడు రోజులు రైలు, ఆరు ఎక్స్‌ప్రెస్‌లకు హాల్టు, రెండో ప్లాట్‌ఫాం మీద షెడ్డు, మరుగుదొడ్లు, తాగునీళ్లు. అన్నీ ఒకే కాగితం మీద. శాలువా, ఫొటో, మర్నాడు జిల్లా పేజీలో వార్త. ఆ కాగితం మీద 'తగు చర్య నిమిత్తం' అని రాసి కిందికి పంపుతారు. కింద ఉన్న అధికారి చూస్తే, అందులో తన సంతకంతో అయ్యేది షెడ్డు ఒక్కటే. అందుకే చాలా ఊళ్లకు రైలు బదులు షెడ్డు వస్తుంది.

రైలు సౌకర్యం అడగడంలో ఏడెనిమిది రకాలున్నాయి. ఒక్కోటి ఒక్కో బల్ల మీద తేలుతుంది, ఒక్కోదానికి ఒక్కో రకం రుజువు కావాలి. ఏది అడగాలో తేల్చుకోకుండా జనాన్ని కదిలిస్తే, ఆ ఊపు కాస్తా ఫొటోతో ఆగిపోతుంది.

ముందు రోగం ఏమిటో చూడండి

'మా ఊరికి రైలు లేదు' అనే మాటలో మూడు వేర్వేరు ఇబ్బందులు కలిసిపోతుంటాయి. రైలు మన స్టేషన్ మీదుగానే పోతుంది, ఆగదు. లేదా ఆగుతుంది, బెర్తు దొరకదు. లేదా ఆ దిక్కుకు వెళ్లే రైలే లేదు. మొదటిదానికి మందు హాల్టు, రెండోదానికి కోటా లేదా బోగీ, మూడోదానికి మాత్రమే పొడిగింపు లేదా కొత్త రైలు. రెండో ఇబ్బంది ఉన్న ఊరివాళ్లు కొత్త రైలు అడగడం మనదగ్గర బాగా కనిపించే పొరపాటు. అది తప్పు కోరిక కాదు. కాకపోతే, మూడు నెలల్లో తేలే పనిని మూడేళ్ల పనిగా మార్చుకోవడం.

బెర్తు దొరకని ఊరు: కోటా, ఆ తర్వాత బోగీ

అందరికన్నా తక్కువ మంది అడిగేది, అందరికన్నా తేలిగ్గా అయ్యేది కోటా. రైలు బయల్దేరే స్టేషన్ నుంచి టికెట్ తీస్తే జనరల్ కోటా వెయిటింగ్ లిస్టు వస్తుంది. దారి మధ్యలోని స్టేషన్‌కు సొంతంగా కొన్ని బెర్తులు కేటాయించి ఉంటే రిమోట్ లొకేషన్ వెయిటింగ్ లిస్టు, లేకపోతే పూల్డ్ కోటా (కొన్ని స్టేషన్లకు ఉమ్మడిగా ఉండేది) వెయిటింగ్ లిస్టు. టికెట్ మీద ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్, పీక్యూడబ్ల్యూఎల్ అని ఉండేవి ఇవే. చిన్న కోటా కాబట్టి రద్దయ్యేవీ తక్కువే, జాబితా కదలదు. ఒకే రైలులో జనరల్ కోటా 60వ నంబరు ఖాయమై, రిమోట్ కోటా 8వ నంబరు మిగిలిపోవడం ఇందుకే.

దీనికి డివిజన్‌లో అడగాల్సింది సీనియర్ డీసీఎంను, అంటే కమర్షియల్ విభాగం అధికారిని. 'మా స్టేషన్‌కు ఫలానా రైలులో స్లీపర్ కోటా 4 నుంచి 12కు పెంచండి' అన్న ఒక్క వాక్యం చాలు. రుజువు మీరే తయారు చేసుకోవచ్చు. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. కాబట్టి ఒక ప్రయాణ తేదీని ఎంచుకుని, బుకింగ్ తెరిచిన రోజు ఉదయం 8 గంటలకు, వారం తర్వాత, నెల తర్వాత, చార్టు తయారయ్యాక, నాలుగుసార్లు మీ స్టేషన్ నుంచి వెయిటింగ్ ఎంత ఉందో తీసిపెట్టండి. అలా పది తేదీలకు చేస్తే ఒక పేజీ పట్టిక అవుతుంది. పండగ రోజులు కలపకండి. సంక్రాంతికి వెయిటింగ్ చూపిస్తే 'స్పెషల్ వేస్తాం' అనే జవాబే వస్తుంది.

కోటాతో తీరని రద్దీకి బోగీ అడగాలి. ఇక్కడ ఒక లెక్క చూడండి. ఎల్‌హెచ్‌బీ, అంటే ఇప్పటి కొత్త రకం, స్లీపర్ బోగీలో 80 బెర్తులు. రోజూ నడిచే రైలుకు ఒక్క స్లీపర్ కలిపితే ఏడాదికి ఒక వైపు 80 × 365 = 29,200 బెర్తులు. వారానికి ఒకసారి నడిచే కొత్త రైలులో 7 స్లీపర్లు ఉన్నాయనుకుంటే 7 × 80 × 52 = 29,120. ఒక్క బోగీ ఒక వారపు రైలుతో సమానం. పైగా బోగీకి పట్టాల మీద కొత్త వేళ అక్కర్లేదు, ఇంజను అక్కర్లేదు, సిబ్బంది పెరగరు. రాత్రి పూట నడిచే రైలుకు సాధారణంగా రెండు రేక్‌లు, అంటే రెండు బోగీల వరుసలు, ఉంటాయి గనక, రెండు బోగీలు, వాటికి మారుగా ఇంకొకటి దొరికితే పని అయిపోతుంది.

అడ్డు ఎక్కడొస్తుందంటే పొడవులో. పాత ఐసీఎఫ్ రేక్ 24 బోగీల దాకా వెళ్లేది. ఎల్‌హెచ్‌బీ బోగీ పొడవెక్కువ, కాబట్టి 22 దగ్గర ఆగుతుంది. మీ రైలులో ఇప్పటికే 22 ఉంటే ఇంకోటి కలపమనడం వృథా. అప్పుడు అడగాల్సింది బోగీల మార్పు. 22 బోగీల మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైలులో 12 జనరల్, స్లీపర్ బోగీలు, 8 ఏసీ బోగీలు ఉండాలన్నది రైల్వే శాఖ పార్లమెంటులో చెప్పిన విధానం. మీ రైలులో ఏసీ బోగీలు పదికి చేరి, స్లీపర్లు కరిగిపోయి ఉంటే ఆ మాటనే పట్టుకుని అడగండి. బోగీల వరుస ఎవరైనా ప్లాట్‌ఫాం మీద నిలబడి లెక్కపెట్టుకోవచ్చు, వాదించేవాళ్లుండరు.

నిండుతున్న రైలుకు బోగీలు పెరుగుతాయనడానికి మన కళ్లముందే నిదర్శనాలున్నాయి. సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ 2023 ఏప్రిల్ 8న 8 బోగీలతో మొదలై, మే నెలలోనే 16 అయింది. విశాఖ–సికింద్రాబాద్ వందే భారత్ 16 నుంచి 2025 జనవరిలో 20కి పెరిగింది. ఎవరూ పట్టాల మీద కూర్చోలేదు. సీట్లు నిండిన లెక్కే ఆ పని చేసింది.

హాల్టు: ఎంత ఖరీదో తెలిసి అడగండి

అన్నిటికన్నా ఎక్కువ మంది అడిగేది హాల్టు, అన్నిటికన్నా తేలిక అనుకునేదీ అదే. 'రెండు నిమిషాలు ఆపడానికేం?' అంటారు. రెండు నిమిషాలతో పోదు. గంటకు 110 కిలోమీటర్ల మీద వస్తున్న రైలు బ్రేకు వేసి ఆగి, మళ్లీ ఆ వేగం అందుకునేసరికి మెయిన్ లైన్ మీదే నాలుగైదు నిమిషాలు పోతాయి. మీ ప్లాట్‌ఫాం లూప్ లైన్ మీద, అంటే మెయిన్ లైన్ నుంచి పక్కకు చీలే పట్టాల మీద, ఉంటే ఇంకా అధ్వానం. పట్టాలు చీలే పాయింట్ల దగ్గర గంటకు 30 కిలోమీటర్లకు దిగాలి, అరకిలోమీటరు పైగా ఉన్న రైలు మొత్తం ఆ మలుపు దాటేదాకా వేగం పెంచకూడదు, వెళ్లేటప్పుడూ అదే తంతు. ఏడెనిమిది నిమిషాలు అవుతుంది. వెనకాల వచ్చే రైలుకు ఈలోగా ఎర్రదీపం.

కాబట్టి మొట్టమొదట చూడాల్సింది, మీ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం ఏ లైను మీద ఉంది అన్నది. ఒక దిశలో మెయిన్ లైన్ మీద, ఇంకో దిశలో లూప్ మీద ఉండే స్టేషన్లు చాలా ఉన్నాయి.

తర్వాత సూపర్‌ఫాస్ట్ చిక్కు. రెండు వైపులా సగటు వేగం గంటకు 55 కిలోమీటర్లు ఉంటేనే సూపర్‌ఫాస్ట్ హోదా, దానితోపాటు సర్‌ఛార్జీ: స్లీపర్‌కు 30 రూపాయలు, థర్డ్ ఏసీకి 45. 700 కిలోమీటర్ల దూరానికి ఆ గీత 12 గంటల 43 నిమిషాల దగ్గర ఉంటుంది. మీరు అడుగుతున్న రైలు ఆ దూరాన్ని 12 గంటల 35 నిమిషాల్లో వెళ్తోందంటే చేతిలో ఉన్నది 8 నిమిషాలే. మీ లూప్ లైన్ హాల్టు దాన్ని మింగేస్తుంది. ఆ రైలు హాల్టుకు జవాబు 'సాధ్యం కాదు' అనే వస్తుంది. ఎందుకో ఎవరూ చెప్పరు. అదే దారిలో సూపర్‌ఫాస్ట్ కాని ఎక్స్‌ప్రెస్‌ను ఎంచుకుంటే ఈ గొడవే లేదు. రైలు నంబరు, దూరం, సమయం తీసుకుని ఈ భాగహారం ఇంట్లో చేసుకున్నాకే ఏ రైలు అడగాలో నిర్ణయించండి.

ఇక డబ్బు. 2022 ఆగస్టులో రైల్వే బోర్డు వేసిన లెక్కలో ఒక ఎక్స్‌ప్రెస్‌ను ఒక్కసారి ఆపి కదిలించడానికి రైలు రకాన్ని బట్టి సుమారు 16 వేల నుంచి 22 వేల రూపాయలు అవుతుంది. 20 వేలు అనుకుని భాగిస్తే 400 రూపాయల టికెట్లు రోజుకు 50 కావాలి. 80 రూపాయల టికెట్లయితే 250. దీన్నిబట్టి తెలిసేదేమిటంటే, మీ ఊరివాళ్లు దూరం వెళ్లే రైలుకే హాల్టు అడగాలి. పక్క జిల్లా కేంద్రానికి ఉద్యోగానికి వెళ్లొచ్చేవాళ్ల కోసం హౌరా వెళ్లే రైలును ఆపమంటే ఆ లెక్క ఎప్పటికీ కుదరదు. వాళ్లకు కావాల్సింది మెము (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు రైలు), లేదా ఉన్న ప్యాసింజరు వేళ మార్పు. నెలవారీ సీజన్ టికెట్లు ఎన్ని చూపించినా ఎక్స్‌ప్రెస్ హాల్టు లెక్కలో పెద్ద బలం కాదు.

లెక్క చూపకుండా వచ్చిన హాల్టులు లేవా అంటే ఉన్నాయి, అవి ఎలా వచ్చాయో అందరికీ తెలుసు. అలాంటివి పోవడమూ అంతే తేలిక. కోవిడ్ కాలంలో జీరో బేస్డ్ టైంటేబుల్ (వేళలన్నీ మొదటి నుంచి మళ్లీ రాయడం) పేరిట చిన్న స్టేషన్లలో హాల్టులు ఎత్తేసినప్పుడు ముందు పోయినవి టికెట్లు తక్కువ అమ్ముడైనవే. మీ ఊరిది అప్పుడు పోయిన హాల్టయితే మాత్రం వినతిలో 'కొత్త హాల్టు' అని రాయకండి, 'పునరుద్ధరణ' అని రాయండి. 2020 మార్చికి ముందు టైంటేబుల్ పేజీని జత చేయండి. పాత అమ్మకాల రికార్డు ఉంటుంది కాబట్టి మీ వాదన అక్కడి నుంచే మొదలవుతుంది.

వేళ కూడా చూసుకోవాలి. రాత్రి 2 గంటలకు వచ్చే రైలుకు హాల్టు తెచ్చుకుంటే ఎక్కేవాళ్లు రారు. స్టేషన్ ఊరికి మూడు కిలోమీటర్లు, ఆటో ఉండదు, ప్లాట్‌ఫాం చివర దీపం ఉండదు. ఆరు నెలల తర్వాత 'ఆదరణ లేదు' అని తేలుస్తారు. ఉదయం 5 నుంచి రాత్రి 10 లోపు వచ్చే రైలు ఒక్కటి, అర్ధరాత్రి రైళ్లు మూడిటికన్నా మేలు.

ప్లాట్‌ఫాం పొడవు మాట కూడా. ఎల్‌హెచ్‌బీ బోగీ సుమారు 24 మీటర్లు. 22 బోగీలంటే 528 మీటర్లు. మీ ప్లాట్‌ఫాం 400 మీటర్లయితే అయిదు బోగీలు బయట ఉంటాయి. జనరల్ బోగీలు ఉండేది రెండు చివర్లలోనే. అంటే సామాన్లతో, పిల్లలతో కంకర మీదకు దూకేది జనరల్ టికెట్ వాళ్లే. హాల్టు ఇచ్చేటప్పుడు రైల్వే దీన్ని భద్రత సమస్యగా చూపిస్తుంది, అది ఉత్త సాకు కాదు. ప్లాట్‌ఫాం పొడిగింపు డివిజన్ స్థాయి నుంచి కదిలే పని. కాబట్టి అది ముందు అడిగి, హాల్టు తర్వాత అడగడం తెలివైన వరుస.

పొడిగింపు: రేక్ ఎక్కడ ఊరికే నిలబడిందో కనిపెట్టండి

మా దృష్టిలో జిల్లా కేంద్రాలకు, చిన్న జంక్షన్లకు అన్నిటికన్నా మంచి బేరం పొడిగింపు. రాత్రి బయల్దేరి ఉదయం 6కు చేరిన రైలు సాయంత్రం 6 దాకా ఆ స్టేషన్‌లోనో యార్డులోనో నిలబడి ఉంటుంది. ఆ పన్నెండు గంటల్లో రెండు గంటల దూరం ముందుకు వెళ్లి రావచ్చు. కొత్త రేక్ అక్కర్లేదు. హైదరాబాద్‌లో గౌతమి, నారాయణాద్రి సికింద్రాబాద్ దాటి లింగంపల్లి దాకా వెళ్లినది ఈ దారినే. పడమటి హైదరాబాద్‌వాళ్లకు సౌకర్యం, సికింద్రాబాద్ ప్లాట్‌ఫాంలకు ఊపిరి.

అయితే నిలబడి ఉన్న ప్రతి రేకూ ఖాళీగా ఉన్నట్టు కాదు. మూడు విషయాలు తెలుసుకోవాలి. ఆ రైలు ప్రైమరీ మెయింటెనెన్స్, అంటే ప్రధాన తనిఖీ, మరమ్మతు, ఏ చివర జరుగుతుంది? మీ వైపు చివరే అయితే పగలంతా పిట్ లైన్ మీద పరీక్షలో ఉంటుంది, కదలదు. అవతలి చివర అయితే ఆశ ఉంది. రెండోది, రేక్ షేరింగ్: ఉదయం వచ్చిన రేకే మధ్యాహ్నం ఇంకో నంబరుతో వేరే ఊరికి వెళ్తూ ఉండవచ్చు. మూడోది, మీ స్టేషన్‌లో రైలును ఆరేడు గంటలు నిలిపే లైను, బోగీల్లో నీళ్లు నింపే ఏర్పాటు ఉన్నాయా అన్నది. నీళ్లు లేని స్టేషన్‌ను చివరి స్టేషన్ చేయరు.

పొడిగింపుకు అసలైన ప్రతిఘటన రైల్వే నుంచి రాదు, పాత చివరి స్టేషన్ ఊరి నుంచి వస్తుంది. అంతవరకు వాళ్ల ఊరిలో ఖాళీగా బయల్దేరిన రైలు ఇక నిండి వస్తుంది, వాళ్లకున్న జనరల్ కోటాలో భాగం మీకు పోతుంది. 'మా రైలు ఎత్తుకుపోతున్నారు' అని వాళ్లూ సంతకాలు సేకరిస్తారు. అందుకే వినతి ఇవ్వకముందే ఆ ఊరి ప్రయాణికుల సంఘాన్ని, వర్తకుల చాంబర్‌వాళ్లను కలవండి. జనరల్ బోగీల్లో ఒకటి మీ ఊరి నుంచి వచ్చేటప్పుడు మూసి ఉంచి అక్కడ తెరవడం, వాళ్ల కోటా తగ్గకుండా ఒక స్లీపర్ కలపమని ఇద్దరూ కలిసి అడగడం, ఇలాంటి సర్దుబాటు ముందే రాసుకుంటే ఇద్దరు ఎంపీలు ఒకే మాట చెప్తారు. లేకపోతే ఒకరి ఉత్తరం ఇంకొకరి ఉత్తరాన్ని కొట్టేస్తుంది.

వారపు రైలును రెండు రోజులు చేయమనడం కూడా ఇదే కుటుంబంలోది. అక్కడా ప్రశ్న ఒకటే, మిగతా రోజుల్లో రేక్ ఏం చేస్తోంది.

స్పెషల్‌ను ఖాయం చేయించడం

0తో మొదలయ్యే నంబరు రైలు, అంటే స్పెషల్, మీ ఊరి మీదుగా నెలల తరబడి పొడిగింపుల మీద పొడిగింపులతో నడుస్తోందంటే, అది సగం గెలిచిన పోరాటం. రేక్ ఉంది, దారి ఉంది, వేళ ఉంది. క్రమబద్ధీకరణ అడగడమే మిగిలింది. ఇబ్బంది ఏమిటంటే స్పెషల్ అంకెలు దాని విలువను చూపవు. స్లీపర్, ఏసీల్లో ఛార్జీ సాధారణంగా 30 శాతం ఎక్కువ, ప్రకటన ఆలస్యంగా వస్తుంది, దారిలో రెగ్యులర్ రైళ్లకు పక్కకు తప్పుకుంటూ గంటలు ఆలస్యమవుతుంది. దాంతో బెర్తులు మిగులుతాయి, 'ఆదరణ లేదు' అంటారు. కాబట్టి అడిగేటప్పుడు మొత్తం సగటు కాకుండా, నోటీసు నెల ముందు వచ్చిన తేదీల్లో ఎంత నిండింది, వారం ముందు వచ్చిన తేదీల్లో ఎంత నిండింది అని విడదీసి చూపండి. తేడా మీ తరఫున మాట్లాడుతుంది.

కొత్త రైలు: అడగండి, కానీ ఏ రకం?

1924 నుంచి విడిగా ఉన్న రైల్వే బడ్జెట్‌ను 2017లో సాధారణ బడ్జెట్‌లో కలిపేశారు. ఫిబ్రవరిలో మంత్రి చదివే కొత్త రైళ్ల జాబితా అప్పటితో పోయింది. రైల్వే పనులకు నిధుల జాబితా అయిన పింక్ బుక్‌లో లైన్లు, పనులు ఉంటాయి, రైళ్లు ఉండవు. అయినా ఇప్పటికీ 'బడ్జెట్‌లో మన జిల్లాకు మొండిచేయి' అని శీర్షికలు వస్తూనే ఉంటాయి. కొత్త రైలు ఇప్పుడు జోన్ ప్రతిపాదన, ఇతర జోన్ల ఒప్పుదల, టైంటేబుల్ కమిటీ, రైల్వే బోర్డు, ఈ వరుసలో తేలుతుంది. 2025 నుంచి కొత్త టైంటేబుల్ జనవరి 1న అమల్లోకి వస్తోంది. మీ ప్రతిపాదన ముందటి ఏడాది వేసవికే జోన్ కార్యాలయం చేరకపోతే మరో ఏడాదికి వెళ్లినట్టే.

ఏ రకం అడగాలన్నది ప్రయాణించేది ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎనిమిది గంటల్లోపు పగటి ప్రయాణం, డబ్బు పెట్టగలవాళ్లు ఉంటే వందే భారత్. అందులో జనరల్ బోగీ ఉండదు, అది మరిచి అడిగి తర్వాత 'మాకు అందుబాటులో లేదు' అని వగచిన ఊళ్లున్నాయి. సూరత్, భివండీ మగ్గాలకు వెళ్లే తెలంగాణ నేతకార్మికులకు, ముంబై పనులకు వెళ్లే పాలమూరు కూలీలకు సరిపోయేది అమృత్ భారత్: ఏసీ లేని, స్లీపర్, జనరల్ బోగీల రైలు, రెండు చివర్లా ఇంజన్లు. 2023 డిసెంబరు 30న మొదలైన రెండు జతల్లో ఒకటి, మాల్దా–బెంగళూరు, మన కోస్తా మీదుగానే వెళ్తుంది. రెండు ఇంజన్ల వల్ల వేగం త్వరగా అందుకుంటుంది, ఇంజను మార్చాల్సిన స్టేషన్లో సమయం తగ్గుతుంది. విశాఖలో రైలు దిశ మారడం వల్ల విశాఖ స్టేషన్‌కు రాకుండా పక్కనున్న దువ్వాడ మీదుగానే వెళ్లిపోయే రైళ్ల గొడవ తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. వేలూరు వైద్యానికి వెళ్లే రోగులు ఎక్కువగా ఉన్న ఊరైతే ఈ రెండూ కావు, వేలూరికి దగ్గరి స్టేషన్ కాట్పాడిలో ఉదయం దింపే మామూలు రాత్రి ఎక్స్‌ప్రెస్‌నే అడగాలి. కూర్చుని ప్రయాణించలేని మనిషి కోసం చైర్‌కార్ అడగకూడదు.

చివరి స్టేషన్ విషయంలో పట్టు వదలండి. 'సికింద్రాబాద్ వరకే కావాలి' అంటే ప్లాట్‌ఫాం లేదంటారు, నిజంగానే లేదు. 2025 జనవరి 6న ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్ దాకా అంటే మాట ముందుకు సాగుతుంది. అక్కడి నుంచి నగరంలోకి వెళ్లడం ఇబ్బందే. అది సిటీ బస్సుల సమస్య, దాన్ని విడిగా అడగొచ్చు.

ఏ దారిన అడగాలి

కోటా, వేళల చిన్న సర్దుబాటు, ప్లాట్‌ఫాం పనులకు నేరుగా డీఆర్‌ఎం (డివిజన్ అధిపతి) కార్యాలయం. డివిజన్ సంప్రదింపుల కమిటీలో, అంటే డీఆర్‌యూసీసీలో, మీ ఊరి సభ్యుడు ఉంటే అజెండాలో అంశంగా పెట్టించండి. రాతపూర్వక జవాబు ఇవ్వక తప్పదు. బోగీలకు జోన్ కార్యాలయంలో సీపీటీఎం (ప్రయాణికుల రైళ్లు చూసే అధికారి), జెడ్‌ఆర్‌యూసీసీ (జోన్ సంప్రదింపుల కమిటీ). హాల్టు, పొడిగింపు, కొత్త రైలుకు జోన్ సిఫార్సు చేయాలి, బోర్డు ఒప్పుకోవాలి. అక్కడే ఎంపీ అవసరం. ఎంపీకి పది కోర్కెలు ఇవ్వకండి, రైలు నంబరుతో ఒక్కటి ఇవ్వండి. పార్లమెంటు జీరో అవర్‌లో మాట్లాడితే వీడియో వస్తుంది. రాతపూర్వక ప్రశ్న వేస్తే అంకెలతో జవాబు వస్తుంది, రెండోదే పనికొస్తుంది. జోన్ జనరల్ మేనేజరు (జీఎం) ఎంపీలతో జరిపే సమావేశం ఎప్పుడో కనుక్కుని పది రోజుల ముందే ఇవ్వండి. ఆ సమావేశానికి అధికారులు జవాబులు ముందే తయారు చేసుకుని వస్తారు, అప్పటికప్పుడు ఇచ్చిన కాగితానికి జవాబు ఉండదు.

139 నంబరు, రైల్ మదద్ ఉన్నది ప్రయాణంలో వచ్చే ఫిర్యాదులకు. హాల్టు కోసం అక్కడ రాస్తే మూసేస్తారు. సామాజిక మాధ్యమాల్లో హ్యాష్‌ట్యాగ్ కన్నా రైలు నంబరు, తేదీ, బోగీ నంబరు ఉన్న ఒక్క జనరల్ బోగీ ఫొటో విలువైంది.

కోర్టు దారి దాదాపు మూసుకున్నట్టే. 2023 జులైలో కేరళలోని తిరూర్‌లో వందే భారత్ ఆపాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. రైలు ఎక్కడ ఆగాలన్నది విధాన నిర్ణయం అన్నది. రైల్ రోకో గురించి ఒక్క మాట: రైల్వే చట్టం 174వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. కేసు పడేది ముందు కూర్చున్న కుర్రాళ్ల మీద. ఉద్యోగానికి పోలీసు వెరిఫికేషన్ వచ్చినప్పుడు ఆ కేసు బయటికొస్తుంది. ఆ రోజు రైలులో ఇరుక్కున్న వెయ్యిమంది మీకు మద్దతుదారులు కారు.

సమాచార హక్కు మాత్రం అందరూ వాడాలి. 10 రూపాయలు, 30 రోజులు. ఆన్‌లైన్‌లో 3000 అక్షరాల లోపు రాయాలి. 'మా ఊళ్లో ఎందుకు ఆపడం లేదు?' అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే చట్టం రికార్డులను ఇస్తుంది, కారణాలు వివరించదు. ఇలా అడగండి:

1. ఫలానా స్టేషన్ నుంచి, ఫలానా స్టేషన్‌కు గత 24 నెలల్లో నెలవారీగా అమ్మిన రిజర్వుడు టికెట్లు, అన్‌రిజర్వుడు టికెట్లు, ఆదాయం.
2. ఫలానా నంబరు రైలుకు వాడుతున్న రేక్‌ల సంఖ్య, ప్రైమరీ మెయింటెనెన్స్ స్టేషన్, రేక్ షేరింగ్ వివరాలు, రెండు చివర్లలో నిలిచే సమయం.
3. మా స్టేషన్‌లో ప్రతి ప్లాట్‌ఫాం పొడవు, అది ఏ లైను మీద ఉంది.
4. మా పాత వినతిపై ఫైలు నోటింగ్‌ల (ఫైలులో అధికారులు రాసిన మాటల) ప్రతి.

నాలుగోది మరిచిపోకండి. అసలు అభ్యంతరం ఎవరిది, ఆపరేటింగ్ విభాగానిదా కమర్షియల్‌దా అన్నది నోటింగ్‌లోనే కనిపిస్తుంది.

జనాన్ని కూడగట్టడం

అయిదు వేల సంతకాలున్న కట్టను ఎవరూ విప్పి చూడరు. దాని బదులు అయిదు గళ్ల ఫారం నింపించండి: ఎక్కడికి వెళ్తారు, నెలకు ఎన్నిసార్లు, ఎంతమంది, ఇప్పుడు ఎలా వెళ్తున్నారు (బస్సా, పక్క స్టేషన్ రైలా), ఏ తరగతి. కాలేజీ హాస్టళ్లు, ప్రైవేటు బస్సుల బుకింగ్ ఆఫీసులు, మార్కెట్ యార్డు, ఆసుపత్రుల దగ్గర 400 ఫారాలు నిండితే చాలు. దాంతోపాటు పక్క స్టేషన్‌లో వరసగా 14 రోజులు, ఆ రైలు వచ్చే వేళకు, మీ మండలం నుంచి వచ్చి ఎక్కినవాళ్లెందరో ఇద్దరు కుర్రాళ్లు లెక్కపెట్టాలి. ఈ రెండూ కలిపి రెండు పేజీలు. ముందు చెప్పిన 50 టికెట్ల లెక్క పక్కన ఈ అంకె పెట్టండి. సరిపోకపోతే ఆ రైలు వదిలి ఇంకోటి చూడండి. తక్కువ అంకెను దాచి వినతి ఇస్తే రైల్వే దగ్గరున్న లెక్కతో అది పట్టుబడుతుంది.

హాల్టు వచ్చాక ఆరు నెలలు

కొత్త హాల్టు ప్రయోగాత్మకంగా, మామూలుగా ఆరు నెలలకు ఇస్తారు. మొదటి రోజు మేళతాళాలు, ఇంజనుకు కొబ్బరికాయలు, గుమ్మడికాయ. రెండో నెలకు ప్లాట్‌ఫాం మీద నలుగురు. మన ఆరంభశూరత్వం ఒక కారణమే గానీ, అంతకన్నా కనిపించని కారణం ఇంకోటుంది. వెయిటింగ్ తప్పించుకోవడానికి చాలామంది రైలు బయల్దేరే స్టేషన్ నుంచి టికెట్ తీసి, బోర్డింగ్ పాయింటు మాత్రం మన స్టేషన్‌కు మార్చుకుంటారు. మనిషి ఎక్కేది ఇక్కడ, ఆదాయం జమపడేది అక్కడ. సమీక్షలో మన స్టేషన్ గడి ఖాళీగా కనిపిస్తుంది. హాల్టు నిలవాలంటే టికెట్ మీద 'ఎక్కడి నుంచి' అన్న చోట మన ఊరి పేరు ఉండాలి. ఈ మాట వాట్సప్ గ్రూపుల్లో, కాలేజీ నోటీసు బోర్డుల మీద, స్టేషన్ బుకింగ్ కిటికీ పక్కన రాయించండి. జనరల్ టికెట్ కూడా అంతే, పక్క జంక్షన్‌లో దిగి తీసుకోవడం కాదు, ఇక్కడ కిటికీలోనో ఫోన్‌లోనో తీసుకోవాలి. ఇందుకోసమే హాల్టుతోపాటు స్టేషన్‌కు కోటా కూడా అడిగి ఉండాలి. కోటా లేని హాల్టు నిలవదు.

ఆర్టీసీ డిపో మేనేజరును కలిసి, రైలు వేళకు పావుగంట ముందు స్టేషన్‌కు వచ్చేలా ఒక ట్రిప్పు మళ్లించమని అడగండి. కొత్త బస్సు అక్కర్లేదు, ఉన్నదాని వేళ జరిపితే చాలు.

అయిదో నెల మొదలయ్యే ముందే మరో సమాచార హక్కు దరఖాస్తు వేయండి: హాల్టు ఇచ్చిన రోజు నుంచి ఆ రైలుకు మన స్టేషన్‌లో నెలవారీ టికెట్లు, ఆదాయం. 30 రోజుల్లో జవాబొస్తే సమీక్షకు నెల ముందు అంకె మీ చేతిలో ఉంటుంది. తక్కువగా ఉంటే పెంచుకోవడానికి ఇంకా నాలుగు వారాలుంటాయి, బాగుంటే ఆ కాగితం జతచేసి రెండో రైలు నంబరు అడగొచ్చు.